బాపు కొలత

మక్క కంకి పాలు పట్టిందంటే మా కోరుట్ల, జగిత్యాల దిక్కు రైతులకు కంటి మీద కునుకుండదు. పంట చేతికొస్తుందన్న సంబురం కాదు, అడవి పందుల భయం. చీకటి పడ్డాక గుంపుగా దిగుతాయి. తినేది కొంత, తొక్కేది కొండంత. పొద్దున్నే గట్టు మీద నిలబడి చేను చూసుకుంటున్న రైతు ముఖం మనం చూడలేం. మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టడం, పటాకులు కాల్చడం, చేను చుట్టూ పాత చీరలు కట్టడం ఇప్పటికీ ఉన్నాయి. నా చిన్నతనంలో వీటితో పాటు మరొకటి కూడా ఉండేది. భరమారు తుపాకి.

భరమారు అంటే ఈతరం పిల్లలకు తెలియకపోవచ్చు. అది తూటా పెట్టి కాల్చేది కాదు. గొట్టం మూతిలోంచి మందు పోయాలి. మందు మీద గుడ్డపేలిక కుక్కాలి. ఆపైన సీసపు ఛర్రాలు పోసి, అవి జారిపోకుండా మళ్లీ పేలిక కుక్కాలి. వెనక గుర్రం కింద ఉండే చిన్న గుబ్బకు రాగి టోపీ తొడగాలి. ఇంతా చేస్తే ఒక్కసారి కాలుతుంది. రెండోసారి కాల్చాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలు. 1747లో కట్టిన జగిత్యాల ఖిల్లాను చూసినవాళ్లు బురుజుల మీది ఫిరంగులను గుర్తు చేసుకోండి. వాటికీ మూతి నుంచే మందు కూరేవారు. పద్ధతి ఒకటే, సైజు వేరు.

1959 నాటి ఆయుధ చట్టంలో పంట కాపాడుకోవడానికి ఇలాంటి మూతి నుంచి నింపే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని ప్రత్యేకంగా రాసి ఉంది. మా బాపుకు ఆ లైసెన్సు ఉండేది. మాది కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయే దారిలో చిన్న ఊరు. అప్పుడు జగిత్యాల, సిరిసిల్ల అన్నీ కరీంనగర్ జిల్లాలోవే. 2016లో కదా వేర్వేరు జిల్లాలయ్యాయి.

నేను సర్కారు బడిలో లెక్కల పంతులుగా చేసి రిటైరయ్యాను. ఆ తుపాకి సంగతి దాదాపు మరిచిపోయాను కూడా. 2023లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం డాలస్ దగ్గర ఉండే మా తమ్ముడి కొడుకు దగ్గరికి పోయినప్పుడు అది మళ్లీ మనసులో మెదిలింది.

వాడు పుట్టింది కోరుట్లలోనే. ఎమ్మెస్ చదవడానికి పోయి అక్కడే స్థిరపడి ఆ దేశ పౌరుడయ్యాడు. కారు పెట్టుకునే గరాజులో ఒక మూలన బల్ల. దాని మీద చేతితో వంచే ఇనుప ప్రెస్సు, చిన్న త్రాసు, ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టిన చెక్క పలక. మొదట కంసాలి పనేమైనా నేర్చుకుంటున్నాడేమో అనుకున్నాను. తీరా అడిగితే, తన వేట రైఫిలుకు తూటాలు తానే నింపుకుంటున్నాడట! అక్కడ అది చట్టం ఒప్పుకున్న అలవాటు. కరోనా కాలంలో, 2020, 2021 సంవత్సరాల్లో, దుకాణాల్లో తూటాలు దొరక్క చాలామంది ఈ పనిలోకి దిగారట. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. ఎవరూ సరదాకి కూడా ఆ జోలికి పోవద్దని ఇక్కడే చెప్పేస్తున్నాను.

వాడు వేటాడేది కూడా అడవి పందులనే. స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు వదిలిన పెంపుడు పందులు, తర్వాత వేట కోసం తెచ్చిన యూరప్ అడవి పందులు కలిసి టెక్సాస్‌లో లక్షల్లో పెరిగిపోయాయి. శాస్త్రం లెక్కన అవీ మన అడవి పందులూ ఒకే జాతి. అక్కడి రైతుల గోస చూసి, హెలికాప్టర్ల నుంచి కూడా కాల్చొచ్చని 2011లో చట్టమే చేశారు. 2019 నుంచి భూమి యజమాని ఒప్పుకుంటే ఆయన భూమిలో పందిని కాల్చడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. మక్కచేన్ల మధ్య పెరిగిన మా పిల్లగాడు ఏడు సముద్రాల అవతల కూడా పందుల వెంటే పడ్డాడన్నమాట!

వాడిది త్రీ నాట్ ఎయిట్ రైఫిలు. మన పోలీసుల భుజాన చూసిన త్రీ నాట్ త్రీకి దూరపు చుట్టం లాంటిది. ఒకసారి కాల్చిన ఇత్తడి గొట్టాన్ని పారేయరు. పేలుడుకు అది కాస్త ఉబ్బుతుంది. ప్రెస్సులో పెట్టి నొక్కి పాత కొలతకు తెస్తారు. పొడవు పెరిగితే కత్తిరిస్తారు. అడుగున కొత్త టోపీ బిగిస్తారు. మందు తూచి పోస్తారు. చివరగా మూతికి గుండు కూర్చి, ఎంత లోతుకు దిగిందో కొలిచి చూస్తారు. గుండుకు గుండుకు మధ్య వెంట్రుకవాసి తేడా కూడా ఉండొద్దంటాడు. మందు తూచే కొలమానం గ్రెయిన్. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. అంటే ఒక గ్రెయిన్ గ్రాములో పదిహేనో వంతు. వాడి త్రాసు అందులో మళ్లీ పదో వంతు దాకా చూపిస్తుంది. మన కంసాలులు ఒకప్పుడు బంగారం తూచిన గురిగింజ కూడా దీని ముందు బరువే. రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ తూగుతుంది.

మందు కూడా బాపు వాడినది కాదు. బాపుది నల్లమందు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసినది. కాలిస్తే మనిషి కనపడనంత పొగ. ఇప్పటిది పొగ లేని మందు. ఫ్రాన్సులో పాల్ వియే అనే ఆయన 1884లో తయారుచేశాడు. దానికి మూలం ఏమనుకున్నారు? పత్తి! పత్తి పీచును ఆమ్లాల్లో శుద్ధి చేస్తే వచ్చే పదార్థమే దాని ప్రాణం. ఈ మాట విన్నప్పుడు నాకు సిరిసిల్ల యాదికొచ్చింది. మా మేనత్తను ఇచ్చింది సిరిసిల్లకే. వాళ్ల ఇంటికి రెండు వైపులా మగ్గాలు. పండుగకు వచ్చినప్పుడల్లా మేనత్త పనికిరాని నూలు, గుడ్డముక్కలు ఒక మూట కట్టి తెచ్చేది. బాపు తుపాకిలో మందు మీద కుక్కే పేలిక అదే. సిరిసిల్ల నూలు అయితేనే గొట్టంలో గట్టిగా కూర్చుంటుందని ఆయన నమ్మకం.

ఒక శనివారం పొద్దున నన్ను కాల్పుల మైదానానికి తీసుకుపోయాడు. కొత్తగా నింపిన తూటాలను పరీక్షించాలట. గేటు దగ్గరే చెప్పాడు.

"పెద్దబాపూ, మీరు తుపాకి ముట్టుకోవద్దు. తూటా గూడ చేతిలకు తీసుకోవద్దు. విజిటర్ వీసా మీద వచ్చినోళ్లకు ఈడ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు ఉంటే అది వేరే ముచ్చట."

తుపాకులు దుకాణాల్లో వరసగా వేలాడే దేశంలో ఈ మాట వింటాననుకోలేదు. సరేనని చెవులకు డిప్పలు, కళ్లకు అద్దాలు పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను.

వంద గజాల అవతల పెద్ద మట్టికట్ట. దాని ముందు కాగితపు గురి. మందు ఐదు రకాలుగా తూచి తెచ్చాడు. పుస్తకంలో రాసిన తక్కువ కొలత దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాడు. ఒక్కో రకానికి మూడేసి తూటాలు. మొత్తం పదిహేను. పక్కన ఒక చిన్న పెట్టె ప్రతి గుండు వేగాన్ని చూపిస్తోంది. సెకనుకు రెండున్నర వేల అడుగులకు పైమాటే. మూడు కాల్చడం, గొట్టం చల్లారేదాకా ఆగడం, నోటుబుక్కులో రాసుకోవడం. మధ్యలో కాల్పులు ఆపమని కేక వినపడితే అందరూ తుపాకులు ఖాళీ చేసి, బోల్టు తెరిచిపెట్టి, వెనక్కి జరిగి నిలబడతారు. అప్పుడే కాగితాలు మార్చుకోవడానికి ముందుకు పోవాలి. మా బడిలో ప్రార్థన కూడా అంత క్రమశిక్షణతో జరగలేదు.

మొదటి రకం మూడు గుండ్లు తలా ఒక దిక్కు పడ్డాయి. రెండోది కాస్త నయం. మూడో రకం చూసి నేను బెంచీ మీంచి లేచాను. మూడు తూట్లూ ఒకదానికొకటి ఆనుకుని, అచ్చం మారేడు దళంలా ఉన్నాయి. వేగాల్లోనూ తేడా కొన్ని అడుగులే. నాలుగో రకం వేగం ఎక్కువే గానీ తూట్లు మళ్లీ విడిపోయాయి. బళ్లో ముప్పై ఏళ్లు సగటు చెప్పిన నాకు వాడి నోటుబుక్కు చూస్తే ముచ్చటేసింది. సగటు ఎంత అన్నది కాదు, ఒకదానికి మరొకటి ఎంత దగ్గరగా ఉందన్నదే అక్కడ లెక్క.

ఐదో రకంలో మొదటి తూటా కాల్చాక బోల్టు సులభంగా లేవలేదు. అరచేత్తో కొట్టి లేపాల్సి వచ్చింది. బయటికొచ్చిన గొట్టాన్ని వాడు అద్దంతో చూశాడు. అడుగున టోపీ చదునుగా అణిగిపోయి ఉంది. లోపల ఒత్తిడి మితిమీరిందనడానికి గుర్తట. మిగిలిన రెండు తూటాలను వేరే సంచిలో వేసి మూతి కట్టాడు.

"పుస్తకంల రాసిన హద్దు దాటలేదు గద?" అన్నాను.

"దాటలే పెద్దబాపూ. గని పుస్తకం రాసినోని తుపాకి వేరు, నాది వేరు. నా తుపాకి వద్దన్నది. ఇంటికి పోయి ఊడదీస్త."

వంద రూపాయల మారేడు దళం కంటే నాకు ఆ సంచి ముడే ఎక్కువ నచ్చింది. కాల్చగలిగి కూడా ఆగాడు. చేతిలో అంత శక్తి ఉన్నవాడికి ఆగడం రావాలి కదా. ఆ మాట ఎందుకంటున్నానంటే, ఆగడం తెలియక చెడినవాళ్లను మా ఊళ్లో చూశాను.

పక్క ఊళ్లో ఒక రైతుకు కూడా భరమారు ఉండేది. ఒక రాత్రి తుపాకి నింపి మంచె మీద పెట్టాడు. పందులు రాలేదు. మర్నాడు అది నింపి ఉందన్న సంగతి మరిచి, దాని మీదే మళ్లీ మందు, మళ్లీ ఛర్రాలు పోశాడు. కాల్చేసరికి గొట్టం పగిలి ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. ఆ తర్వాత ఆయన సంతలో డబ్బులు లెక్కపెట్టే తీరు చూసి పిల్లలం భయపడేవాళ్లం. మా బాపు ఆ వారమే మందు కూరే చువ్వ మీద ఆకురాయితో రెండు గాట్లు పెట్టించాడు. చువ్వను గొట్టంలోకి వదిలితే కింది గాటు మూతి దగ్గర ఆగితే నింపి ఉన్నట్టు, పై గాటు ఆగితే ఖాళీ. నింపే ముందు చువ్వ వదలకుండా మందు ముంతను ముట్టుకున్న రోజు లేదు. టెక్సాస్‌లో మా పిల్లగాడు మందు పోసిన గొట్టాలన్నింటినీ చెక్క పలక మీద నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్కదాని లోపలికి తొంగి చూస్తుంటే నాకు ఆ చువ్వే కనపడింది.

రెండోది మా ఇంటి ముచ్చటే. వానాకాలం మందు చెమ్మెక్కుతుంది. ఓ ఏడాది బాపు చూసుకోకుండా పాత మందే పోసి పందిని కాల్చాడు. దెబ్బ తగిలింది గానీ పంది పడలేదు. గాయంతో వాగు దిక్కు ఉరికింది. తెల్లారి నెత్తురు మరకలు పట్టుకుని వెతుకుతూ పోయినప్పుడు పొదలోంచి ఒక్కసారిగా దూకి, ముందు నడుస్తున్న మా జీతగాడి తొడ చీల్చింది. ఎడ్లబండి మీద వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, కుంటు మాత్రం పోలేదు. ఆ కుటుంబానికి బాపు ఏటా రెండు సంచుల వడ్లు పంపేవాడు. ఎందుకని మేమెవరం అడగలేదు.

అప్పటి నుంచి మక్క కంకి వేసే ముందు బాపు ప్రతి ఏడూ చెరువు కట్ట కిందికి పోయేవాడు. 1967, 68 నాటికి నాకు పది, పదకొండేళ్లు. నా పని మోదుగ విస్తరాకులు మోయడం. కట్టకు ఆనించి వెదురుబద్దకు ఒక విస్తరి గుచ్చేవాడు. పదిహేను బారలు వెనక్కి నడిచి వచ్చి కాల్చేవాడు. పొగ తేలిపోయాక నేను ఉరికి విస్తరి తెచ్చేవాణ్ని. ఇద్దరం కూర్చుని తూట్లు లెక్కపెట్టేవాళ్లం. ఛర్రాలు విస్తరి నిండా పరుచుకోవాలి. ఒక పక్కన గుంపు కట్టి ఇంకో పక్క ఖాళీ ఉంటే మందు ఎక్కువైనట్టు. తూట్లు చిరగకుండా ఆకును వంచి ఊరుకుంటే మందు మెత్తబడ్డట్టు. మందు ఎండబెట్టి, కొలత మార్చి, మళ్లీ ఇంకో విస్తరి.

"ఒక్కటే మందు గద బాపూ, ఏటేట ఎందుకు?" అని అడిగాను ఒకసారి.

"నిన్నటి మందు, ఇయ్యాల్టి మందు ఒక్కటి గాదు రా. పంది పడితె పడాలె, లేకుంటె బతికి పోవాలె. నడిమిట్ల వదిలిపెట్టద్దు."

వంద గజాల మట్టికట్ట ముందు కూర్చుని నేను మా పిల్లగాణ్ని అడిగిందీ అదే. పందికి ఇంత లెక్క దేనికిరా అని. "మొదటి దెబ్బకే పడాలె పెద్దబాపూ. గాయంతోని ఉరికితె రాత్రంత నిద్ర రాదు" అన్నాడు. వాడు పుట్టేనాటికి మా ఇంట్లో తుపాకి లేదు. తాత మాట వాడు వినలేదు.

తుపాకి ఎందుకు లేకుండా పోయిందో మా దిక్కు పెద్దలకు చెప్పక్కర్లేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో ఇంట్లో తుపాకి ఉండటమంటే కొంగున నిప్పు కట్టుకోవడమే. రాత్రి ఒకరు వచ్చి ఇయ్యమంటారు, పొద్దున ఇంకొకరు వచ్చి ఎవరికిచ్చావంటారు. బాపు ఒకనాడు తుపాకిని గోనెసంచిలో చుట్టి, సైకిలుకు కట్టుకుని ఠాణాలో అప్పగించి వచ్చాడు. రశీదు ఇచ్చారు. మళ్లీ తెచ్చుకోలేదు. లైసెన్సు కూడా రెన్యువల్ చేయించలేదు. అప్పటికే 1972 వన్యప్రాణి చట్టం వచ్చి ఉంది. "చాలు తియ్" అన్నాడంతే.

భరమారులు మళ్లీ రావాలని నేననడం లేదు. వాటితో జరిగిన చెడు కూడా చూసినవాణ్నే. ఇప్పుడు పంట నాశనం చేసే పందిని కాల్చాలంటే అనుమతి కావాలి, కాల్చేవాడికి అర్హత ఉండాలి. అది సబబే. కానీ అనుమతి కాగితం చేతికొచ్చేలోగా పంది ఆగుతుందా? అందుకే కొందరు చేను చుట్టూ బైండింగ్ వైరు కట్టి దొంగతనంగా కరెంటు పెడుతున్నారు. ప్రతి వానాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. రాత్రి మోటారు వేయడానికి పోయిన పక్క చేను రైతు, మేతకు పోయిన బర్రె, ఒక్కోసారి తీగ కట్టినవాడే. తుపాకి పట్టినవాడు గురి చూస్తాడు, పంది కాదనుకుంటే వేలు తీస్తాడు. తీగకు కన్నుందా? దాన్ని ఎవరు ఏ విస్తరాకు మీద పరీక్షించారు? చట్టం భయంతో తుపాకి దించిన ఊళ్లో ఈ తీగ ఎలా మామూలైపోయిందో నాకు అర్థం కాదు. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురితో వాదించి చూశాను. "మరి పందులను నువ్వు కాస్తవా సారూ?" అని అడిగారు. జవాబు చెప్పడానికి నా దగ్గరున్నది సోలార్ కంచె, దానికిచ్చే చిన్న షాకు గురించిన మాటలే. ఒకాయన విన్నాడు. పోయినేడు పెట్టించాడు కూడా.

టెక్సాస్ నుంచి వచ్చే ముందు మా పిల్లగాడు ఒక ప్రశ్న వేశాడు. "తాత ఎన్ని గ్రెయిన్ల మందు పోసేటోడు?" నాకేం తెలుసు! బాపు దగ్గర త్రాసు లేదు. బొటనవేలంత ఇత్తడి కొలపాత్ర ఒకటి ఉండేది. నిండా పోసి, వేలితో అంచు చదును చేసి, గొట్టంలో వంచేవాడు. తుపాకి పోయినా ఆ పాత్ర ఇంట్లోనే ఉండిపోయింది. మా ఆవిడ ఇంగువ డబ్బాలో వేసి పెట్టింది.

ఊరికొచ్చాక దాన్ని కోరుట్లలో తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకుపోయాను. మందు ఎక్కడ తెస్తాం? మా పిల్లగాడు చెప్పిన ఉపాయమే చేశాం. నల్లమందు పోతబరువు దాదాపు నీళ్లంతే ఉంటుందట. పాత్రలో అంచుదాకా నీళ్లు పోసి తూస్తే 5 గ్రాముల 200 మిల్లీగ్రాములు తూగింది. వాట్సాప్‌లో పంపాను. అక్కడ అర్ధరాత్రి అయినా వెంటనే ఫోను చేశాడు. దగ్గర దగ్గర 80 గ్రెయిన్లట. ఆ సైజు గొట్టానికి పాతకాలం పుస్తకాల్లో రాసినదీ దాదాపు అంతేనట.

"తాతకు ఎవరు చెప్పిన్రు పెద్దబాపూ?"

నేను జవాబు వెతుక్కుంటుంటే, కంసాలి ఆ పాత్రను కంటి దగ్గర పెట్టుకుని తిప్పి చూస్తున్నాడు. "సారూ, ఇది చేసినప్పుడు ఇంకింత ఎత్తు ఉండె. అంచు ఆకురాయితోని అరగదీసిన్రు. ఒక్కసారి గాదు, రెండు మూడుసార్లు" అన్నాడు.